బొమ్మ వచ్చాక ఏ వాక్యం తీసేయాలి?

తొమ్మిదో తరగతి పిల్లలకు రాయడం నేర్పేటప్పుడు ఇప్పుడు పెన్నూ కాగితంతో పాటు ఫోన్‌లు కూడా వాడిస్తున్నాను. బొమ్మ, గొంతు, అక్షరం మూడూ కలిపి ఒక విషయం చెప్పమంటాను. ఇది కంప్యూటర్ క్లాసులో చేయించాల్సింది కదా అని తోటి టీచర్లు అడుగుతుంటారు. నా దృష్టిలో ఇది అచ్చంగా రాత పనే. అర్థాన్ని మోసేది మాటలొక్కటే కాదు. దృశ్యం, ధ్వని, హావభావం, అమరిక కూడా మోస్తాయి, వాటినీ బడిలో నేర్పాలి అని న్యూ లండన్ గ్రూప్‌గా పేరుపడ్డ విద్యావేత్తలు 1996లోనే వాదించారు. పిల్లలకు ఈ పరికరాలు అందాయి కానీ, ఏది ఎక్కడ వాడాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ.

ఈసారి ఇచ్చిన పని: చంద్రుడి ఆకారం రోజురోజుకీ ఎందుకు మారుతుందో రెండు నిమిషాల వీడియోలో చెప్పాలి. ఒక అమ్మాయి తెచ్చిన డ్రాఫ్ట్‌లో సూర్యుడు, భూమి, చంద్రుడు ఉన్న బొమ్మ, దాని కింద పెద్ద పేరా. ఆ పేరానే గొంతుతో చదివింది: "ఎడమవైపు సూర్యుడు ఉన్నాడు, కుడివైపు భూమి ఉంది, దాని చుట్టూ చంద్రుడు తిరుగుతున్నాడు..." చూస్తే తెలిసేదే చదివాం, చదివిందే విన్నాం.

ముందు సౌండ్ తీసేసి చూపించాను. తర్వాత కళ్లు మూసుకుని వినమన్నాను. "రెండుసార్లూ ఏది ఎక్కడుందో తెలిసింది. ఎందుకు మారుతుందో ఎవరు చెప్తున్నారమ్మా?" అన్నాను. కాసేపు ఆలోచించి పేరా మొత్తం తీసేసింది. గొంతులో ఇలా మార్చింది: "చంద్రగ్రహణం అప్పుడు తప్ప, చంద్రుడిలో సగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలిగే సగంలో మనకు ఎంత కనబడితే, ఆ రోజు చంద్రుడు అంత." తెర మీద మూడే మాటలు మిగిల్చింది: "భూమి నీడ కాదు." భూమి నీడ వల్లే చంద్రుడు తరుగుతాడని చాలామంది అనుకుంటారు కాబట్టి అక్షరాలు ఉండాల్సిన చోటు సరిగ్గా అదే. ఆ తర్వాత రెండు సెకన్లు ఏమీ మాట్లాడకుండా వదిలేసింది. ఆ ఖాళీ ఎక్కడ పెట్టాలో తనకు తానే కనిపెట్టినందుకు నాకు ఎంత సంతోషం వేసిందో!

గొంతు రికార్డు చేయించడం వల్ల వాక్యాలు కూడా బాగుపడుతున్నాయి. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది. కాగితం మీదైతే వెనక్కెళ్లి చదువుకోవచ్చు, వినేవాళ్లకు ఆ వీలు లేదు. "తిరుగుతూ, వెలుగును అందుకుని, మనవైపు ప్రతిఫలింపజేస్తూ..." అని సాగదీసిన చోట రికార్డు చేసేవాళ్లకే ఊపిరి అందదు. ఎర్ర సిరాతో ఎన్నిసార్లు దిద్దినా విరగని వాక్యం అక్కడ తనంతట తానే రెండుగా విరుగుతుంది.

అన్నిటికంటే నాకు నచ్చిన పని, చూపులేని వాళ్ల కోసం బొమ్మకు వర్ణన రాయించడం. ఒక అబ్బాయి "చంద్రుడి బొమ్మ" అని రాసి ఊరుకున్నాడు. అది పక్కవాడికి ఇచ్చి, బొమ్మ చూడకుండా గీయమన్నాను. వాడు నెలవంక గీశాడు! అప్పుడు మళ్లీ రాశాడు: "భూమి చుట్టూ ఎనిమిది చోట్ల చంద్రుడు ఉన్నాడు. వెలుగు ఎడమ నుంచి వస్తోంది. ఎనిమిది చోట్లా ఎడమ సగమే తెల్లగా ఉంది." ఇలాంటి మూడు వాక్యాలు ఏ వ్యాసరచన పోటీలోనూ నాకు దొరకలేదు.

ఫోన్ తీసే ముందు కాగితం మీద గళ్లు గీసుకుని, ఏ బొమ్మ దగ్గర ఏ మాట వస్తుందో రాసుకోవాలి. బొమ్మలు సొంతవైతే మేలు, లేదా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (కొన్ని షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని గీసినవాళ్లే ఇచ్చే అనుమతి) ఉన్నవి తీసుకుని గీసినవాళ్ల పేరు వేయాలి. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఎందుకో చెప్పగలిగితేనే పెట్టనిస్తాను.

మార్కులు ఎలా వేస్తారని అందరూ అడుగుతారు. వీడియోతో పాటు అరపేజీ రాసివ్వమంటాను: ఏది బొమ్మకు వదిలారు, ఏది గొంతుకు ఇచ్చారు, ఏం తీసేశారు, ఎందుకు. ఒకబ్బాయి ఇలా రాశాడు: "సూర్యుణ్ణి పెద్దగా వేస్తే అందరూ దాన్నే చూస్తున్నారు. అందుకే పక్కకు జరిపి అంచు మాత్రం ఉంచాను." అతని వీడియోలో గొంతు కొంచెం చిన్నగా వినిపించింది, ఎఫెక్టులు కూడా లేవు. క్లాసులో ఎక్కువ మార్కులు అతనికే వేశాను.