పోస్టర్లు కాదు, శాసనాలు

కాకతీయ యూనివర్సిటీకి యాభై ఏళ్లు నిండుతున్న సందర్భంగా వేస్తున్న సంచికలో మన 1992-94 హిస్టరీ బ్యాచ్ తరఫున నేనే రాయాలని కమిటీ తీర్మానించిందట. గ్రూపులో మెసేజ్ చూసి చూడనట్టు ఊరుకున్నాను. చివరికి మన క్లాస్‌మేట్ పరకాల ఫోన్ చేశాడు. పరకాల మాట కాదంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు, హోలీ నాడు మానుకోటగాడికి అయింది చాలు.

"మన యూనివర్సిటీని చూసి ఎందుకు గర్వపడాలి" అన్నది వాళ్లిచ్చిన అంశం. పెద్ద సంగతులు ఎలాగూ అందరూ రాస్తారు. ఉస్మానియా వాళ్ల పీజీ సెంటర్‌గా మొదలై 1976 ఆగస్టులో సొంత పేరు తెచ్చుకోవడం, ఎనభైల్లో హక్కుల నేత బాలగోపాల్ ఇక్కడే లెక్కలు చెప్పడం, మనం చదివే రోజుల్లో జయశంకర్ సార్ వీసీగా ఉండడం, ఇవన్నీ మిగతా బ్యాచుల వాళ్లకు వదిలేస్తున్నాను. నేను మనకు శాసనాలు చదవడం నేర్పిన సార్ గురించి రాస్తాను. ఏ సార్ అని అడిగేవాళ్లు మన బ్యాచ్ కాదు.

మొదటి క్లాసులో అటెండెన్స్ తీసుకోకుండా ఒక్కొక్కరిని లేపి ఏ ఊరని అడిగారు. చెప్పగానే రెండో ప్రశ్న: "మీ ఊరి చెరువు ఎవలు తవ్విచ్చిండ్రు?" ఒక్కరికీ తెలీదు. చేర్యాల ఒక్కడే లేచి "సర్పంచ్" అన్నాడు. సార్ నవ్వలేదు. "ఆ ముందటి సర్పంచ్ ఎవలు?" అని అడిగి కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి మనకు అమ్మానాన్నలు పెట్టిన పేర్లు పోయాయి. ముప్పై ఏళ్లు దాటినా నా ఫోన్లో ఇప్పటికీ జమ్మికుంట, హుస్నాబాద్, నర్సంపేట అక్క అనే ఉన్నాయి.

ఫస్టియర్లో ఇంకేం జరిగిందో నాకు నిజంగా గుర్తు లేదు. పరీక్షలు ఎలా గట్టెక్కానో నర్సంపేట అక్క నోట్సుకే తెలియాలి. పెళ్లయి, చంకలో పిల్లతో చదివిన ఆ అక్క నోట్సు మీద క్లాసు సగం బతికింది.

సార్‌కు పుస్తకం మీద కంటే రాయి మీద నమ్మకం ఎక్కువ. రుద్రమదేవి 1295 దాకా బతికిందని చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారు. తర్వాత నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనంతో ఆమె 1289లోనే పోయిందని తేలింది. ఇది సార్ ఎన్నిసార్లు చెప్పారో. "ఒక ఊరి రాయి లేచి అన్ని పుస్తకాలను దిద్దింది. మీరు ఊర్లళ్ల నుంచే కద వచ్చిండ్రు, మరి చూసుకుంట నడువుండ్రి" అనేవారు. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం ముందు నిలబెట్టి, కాకతీయ అనే పేరున్న చోట చదువుతూ ఇది కూడబలుక్కోలేకపోతే సర్టిఫికెట్ ఎందుకని అడిగేవారు. అది సంస్కృతం అని మనం గొణిగితే, "అయితే తెలుగుది చూపిస్త పాండ్రి" అని మనల్ని ఒక చెరువు కట్టకు తీసుకుపోయారు.

సంక్రాంతి పోయినంక ఒక ఆదివారం. ములుగు బస్సు దిగి పొలాల గట్ల మీద నడిచాం. తూము దగ్గర సగం కూరుకుపోయిన రాయి. నీళ్లు పోసి, బ్రష్‌తో నాచు రుద్ది, తడి కాగితం పరిచాం. దాని మీద ఇంకో బ్రష్‌తో కొడుతూ పోవాలి, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగేదాకా. కాస్త ఆరాక సిరా అంటిన గుడ్డ ఉండతో మెల్లగా అద్దాలి. తడి ఎక్కువైతే సిరా పాకుతుంది, తక్కువైతే కాగితం రాయిని వదిలేస్తుంది. మొదటిది నేను పాడు చేశాను, రెండోది జమ్మికుంట చేశాడు. మూడోసారి నలుపు మీద తెల్లగా ఒక్కో అక్షరం లేచి వస్తుంటే అందరం నోరు మూసుకున్నాం. చుట్టూ చేరిన ఊరివాళ్లు మాత్రం ఒకటే అడిగారు: "సారూ, నిధి ఎక్కడున్నదని రాసింది?"

తిరుగు ప్రయాణంలో బస్ స్టేజీ దగ్గర పోలీసు జీపు ఆగింది. అవి నక్సలైట్ల రోజులు, మీకు తెలుసు. కాలేజీ పిలగాళ్లు, చేతిలో చుట్టిన పెద్ద కాగితాలు, సంచిలో బ్రష్షులు, సిరా డబ్బా. ఇంకేం కావాలి! "ఏం పోస్టర్లు? ఎవరు పంపిండ్రు?" జమ్మికుంటకు మోచేతుల దాకా సిరా. భయంతో చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, దాంతో తుపాకులు ఇంకో అడుగు దగ్గరికొచ్చాయి. పరకాల ఏడవడం ఆ ఒక్కరోజే చూశాను (రాయొద్దన్నాడు, రాస్తున్నాను).

సార్ తాపీగా కాగితం తీసి జీపు బానెట్ మీద పరిచారు. "పోస్టర్లే. ఏడు వందల ఏండ్ల కిందటియి" అన్నారు. "స్వస్తిశ్రీ శకవర్షంబులు" దగ్గర మొదలుపెట్టి వేలు పెట్టి చదివారు. చెరువు కింద దేవుడికి ఇన్ని మర్తురుల భూమి ఇచ్చారని, చివర్న మామూలుగా ఉండే శాప శ్లోకం. అర్థం కూడా చెప్పారు: "ఇచ్చిన భూమిని గుంజుకున్నోడు అరవై వేల ఏండ్లు పెంటల పురుగై పుడుతడు." స్టేజీ దగ్గర బీడీ తాగుతున్న ముసలాయన ఉండబట్టలేక "గింత మాట రాసిండ్రా? మరి మా పటేలు సూడలేదా?" అన్నాడు. ముందు నవ్వింది ఎస్సైగారే.

మనల్ని వదిలేయడమే కాదు, అందులో ఒక కానిస్టేబుల్ తమ ఊళ్లో హనుమాండ్ల గుడి వెనుక సున్నం కొట్టిన రాయి ఒకటుందని చెప్పాడు. సార్ వెంటనే చిన్న బుక్కు తీసి ఊరి పేరు రాసుకున్నారు. వచ్చే ఆదివారం ఖాళీగా లేదని మనకు అప్పుడే అర్థమైంది. ఆ తర్వాత హాస్టల్లో సబ్బు పోయినా, బకెట్ పోయినా "అరవై వేల ఏళ్లు" అన్న అరుపే.

నాకు గర్వం ఎక్కడుందంటే ఇక్కడ. మా ఇంట్లో వేలిముద్ర దాటి సంతకం దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. మీలో చాలామంది అంతే. మనలాంటి వాళ్లను రాజులు చెక్కించిన రాయి ముందు కూర్చోబెట్టి, ఇది మీ ఊరిది, మీరే చదవాలి అన్న యూనివర్సిటీ అది. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు టీవీ వాళ్లంతా ఆశ్చర్యపోతుంటే మన గ్రూపులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. "ఇప్పుడా?" అని పెట్టాడు భూపాలపల్లి.

మిగతా జీవితం క్లుప్తంగా. గ్రూప్-2లో వచ్చి డిప్యూటీ తహసీల్దార్‌గా చేరాను, ఇప్పుడు ఆర్డీఓని. పనంతా శిఖం భూముల, అంటే చెరువు లోపలి భూముల తగాదాలే. ఆ శ్లోకం ఫైల్లో రాయలేను కానీ విచారణలో నోటికొస్తూనే ఉంటుంది. ఒకరిద్దరు భయపడ్డారు కూడా. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు నేనున్న మండలంలో పూడిక తీస్తుంటే తూము పక్కన పెద్ద రాయి బయటపడింది. జేసీబీ ఆపించి, ప్యాంటు మడిచి దిగి నీళ్లు పోసి కడిగాను. సిబ్బంది వింతగా చూశారు. ఉత్త బండ. అయినా సార్‌కు ఫోన్ చేశాను. "రెండో దిక్కు సూసినవా?" అన్నారు. మళ్లీ జేసీబీ పిలిపించి తిప్పించాను. అటూ ఏం లేదు.

నర్సంపేట అక్క జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్ అయింది. అప్పట్లో చంకనున్న పిల్ల ఇప్పుడు డాక్టర్. మా అమ్మాయి మన క్యాంపస్‌లోనే ఫార్మసీ చదువుతోంది, సెకండ్ గేట్ నుంచే పోతుంది. మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారని అడిగితే గూగుల్ చేస్తానంటుంది.

కమిటీకి రెండు మనవులు. సార్‌కు సన్మానం శాలువాతో సరిపెట్టండి, మైకు ఇస్తే చందుపట్ల దగ్గర మొదలుపెడతారు, భోజనాలు చల్లారిపోతాయి. రెండోది, ఆ రోజు బానెట్ మీద పరిచిన కాగితం హుస్నాబాద్ దగ్గరే ఉందని నాకు రూఢిగా తెలుసు. డిపార్ట్‌మెంటుకు తెచ్చి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎన్నేళ్లో వాడికి తెలుసు.