అల్పపీడనం పుట్టే ఊళ్ళో

"అండమాన్ సమీపంలో అల్పపీడనం" అన్న వార్త చిన్నప్పటి నుంచీ వింటున్నాను. విజయనగరంలో ఆ మాట రేడియోలో వినబడితే చాలు, అమ్మ డాబా మీద వడియాలు కిందికి దించేసేది. ఆ "సమీపం"లో మనుషులు కాపురాలుంటారని, పిల్లలు హోంవర్కు ఎగ్గొడుతుంటారని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. మొన్న దసరా సెలవుల్లో సరిగ్గా అక్కడే ఇరుక్కుపోయాం.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. నీల్ దీవి 2018లోనే షహీద్ ద్వీప్ అయింది. జెట్టీ దగ్గర క్యూలో మాత్రం అందరి నోటా పాత పేర్లే. సెల్యులార్ జైలు గురించి అందరూ రాశారు కాబట్టి నేను రాయను. నీల్‌కి వెళ్ళే ప్రైవేటు బోటు టికెట్టు గురించి మాత్రం రాయకుండా ఉండలేను. గంటన్నర ప్రయాణానికి మనిషికి వెయ్యి దాటింది, మా తొమ్మిదేళ్ళవాడికి కూడా పూర్తి టికెట్టే. సర్కారు బోటు చవక, దీవిలో ఉండేవాళ్ళకి ఇంకా చవక. కానీ అందులో మాకు సీట్లు దొరకలేదు.

నీల్‌లో మా పిన్ని కూతురు ఉంటుంది. మా మరిది వాళ్ళ తాతగారు సోంపేట వైపు నుంచి ఓడెక్కి వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డారు. ఉద్యోగరీత్యా మరిది నీల్‌కి వచ్చాడు. చెల్లికి పదేళ్ళ కూతురు, ఆరేళ్ళ కొడుకు. ఈ చివర నుంచి ఆ చివరకి ఐదారు కిలోమీటర్లుండే ఊరు. 2011 లెక్కల్లో జనాభా 3,000 పైచిలుకు. ఎక్కువమంది దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. బీచ్‌ల పేర్లేమో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. రాముడి పేరున్న ఊరు కూడా ఉంది.

మొదటి సాయంత్రమే నాకు టెన్షన్ పట్టుకుంది. ఐదుంపావుకల్లా పొద్దుగూకింది. మనమూ వాళ్ళూ వాడేది ఒకే గడియారం, సూర్యుడు మాత్రం వాళ్ళ దగ్గరికి ముందొచ్చి ముందే వెళ్ళిపోతాడు. చీకటి పడింది, నలుగురు పిల్లల్లో ఒక్కడూ ఇంట్లో లేడు. మావాడు, చెల్లి పిల్లలిద్దరు, పక్కింటి బెంగాలీ పిల్లాడు. "ఎక్కడికెళ్ళారే?" అంటే చెల్లి చేపముక్కలకి పసుపు పట్టిస్తూ, "ఎక్కడికెళ్తారక్కా, చుట్టూ నీళ్ళేగా" అంది. ఆ నీళ్ళ గురించే కదా నా భయం!

విశాఖ మధురవాడలో మాది ఏడో అంతస్తు. మావాణ్ణి ఒంటరిగా లిఫ్టులో కిందికి పంపి ఎరగను. ఆ రోజు ఏడు దాటాక తిరిగొచ్చాడు. మోకాళ్ళ నిండా బురద, చేతిలో సగం తిన్న జామకాయ, ఎవరింట్లోనో అన్నం కూడా తినేశాడు. ఎవరింట్లో అంటే "దిదా వాళ్ళింట్లో" అన్నాడు. దిదా అంటే బెంగాలీలో అమ్మమ్మ. అక్కడ తలనెరిసిన ఆడవాళ్ళందరూ పిల్లలకి దిదాలే. ఎవరి పిల్లాడు ఎవరి గుమ్మంలో ఉంటే వాళ్ళే కంచం పెట్టేస్తారు.

మర్నాడు లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌కి వెళ్దామనుకున్నాం. సముద్రం తొలిచిన రాతి వంతెన ఒకటి ఉందక్కడ, ఊళ్ళోవాళ్ళు హౌరా బ్రిడ్జి అంటారు. ఆటో మాట్లాడబోతుంటే చెల్లి కూతురు అడ్డుపడింది. "దొడ్డమ్మా, ఇప్పుడు జువార్ ఉంది, పోలేం. భాటా వచ్చాక పోదాం." ఆ పిల్ల తెలుగు అలాగే ఉంటుంది, నాలుగు మాటలకో హిందీ మాట, మధ్యలో బెంగాలీ. నాకు అర్థం కాలేదని చెల్లి విడమరిచింది. జువార్ అంటే పోటు, నీళ్ళు ఎక్కడం. భాటా అంటే ఆటు, దిగడం.

ఆటుపోట్లు. ఈ మాట నేను వందలసార్లు వాడాను. సంసారానికి, స్టాక్ మార్కెట్‌కి, మా ఆయన ఉద్యోగానికి. ముప్పయ్యేళ్ళుగా సముద్రం పక్కనే ఉంటున్నా, వాటిల్లో ఏది ఎక్కడమో ఏది దిగడమో ఆ క్షణం దాకా నాకు తెలియదు. మా ఆయన ఫోన్‌లో వెతకబోతే సిగ్నల్ లేదు. పిల్ల ఫోన్ వంకే చూడలేదు. "నిన్న రెండుంపావుకి పూర్తిగా దిగింది, ఇవాళ మూడింటికి దిగుద్ది. రోజూ ముప్పావు గంట లేటు" అని, మా ట్యూషన్ మాస్టారి కంటే నమ్మకంగా చెప్పింది. మూడింటికి వెళ్ళాం. వంతెన కింద రాతిగుంటల్లో నీళ్ళు నిలిచి, వాటిల్లో వేలెడంత నీలం చేపలు.

అక్కడ మావాడు ఓ గవ్వ ఏరి జేబులో వేసుకున్నాడు. పిల్ల చెయ్యి చాచింది. "ఎయిర్‌పోర్టులో లాక్కుంటారు. ఇక్కడే పెట్టు, పీతకి ఇల్లు కావాలి." వాడు ఇవ్వనంటే వాడి మణికట్టు పట్టుకుని, అరచేతిలో గవ్వ బోర్లించి, కదలొద్దంది. నిమిషం, రెండు నిమిషాలు. గవ్వ అంచు కింద నుంచి మొదట రెండు మీసాలొచ్చాయి, తర్వాత బియ్యపు గింజంత కళ్ళు, చివరికి ఒక ఎర్రటి డెక్క బయటికొచ్చి మావాడి బొటనవేలిని తడిమింది. వాడు కెవ్వుమనలేదు. మెల్లగా వంగి, ఇసుక మీద దించాడు. టాబ్లెట్ లాక్కుంటే ఇల్లు పీకి పందిరేసే పిల్లాడు!

అంతా ఇంత బాగుంటే నేనూ అక్కడే ఇల్లు వెతుక్కునేదాన్ని. మేం తిరిగి వెళ్ళాల్సిన రోజు పొద్దున ఈదురుగాలి మొదలైంది. జెట్టీకి వెళ్తే గేటు మూసి ఉంది, బోట్లు రద్దు. మర్నాటి విమానం టికెట్లు, దాదాపు ముప్పై వేలు, గంగలో కలిశాయి. నేను జెట్టీ మీదే అరిచాను, ఎవరి మీదో నాకే తెలియదు. చెల్లి గొడుగు పట్టుకుని నిలబడి, "అక్కా, ఇక్కడెవరూ వస్తాననరు. బోటుంటే వస్తానంటారు" అంది. 2016 డిసెంబరులో ఇలాగే పక్క దీవి హేవ్‌లాక్‌లో, నీల్‌లో వందలమంది టూరిస్టులు చిక్కుకుంటే నేవీ ఓడలొచ్చి తీసుకెళ్ళాయని మరిది ధైర్యం చెప్పబోయాడు. నాకు ధైర్యం రాలేదు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. పిల్లలు వసారాలో క్యారమ్స్ ఆడుతుంటే చెల్లి పాలపొడితో టీ కలిపింది. ఈ దీవిలో పండే కూరగాయలు పోర్ట్ బ్లెయిర్ దాకా వెళ్తాయి, పాలపొడి డబ్బా మాత్రం అటునుంచి రావాలి. అప్పుడు చెప్పింది, పోయినేడు చిన్నోడు జామచెట్టు మీద నుంచి పడ్డ సంగతి. సాయంత్రం బోటు వెళ్ళిపోయిన అరగంటకి పడ్డాడట. మోచెయ్యి పూరీలా పొంగింది. ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చెక్క పెట్టి కట్టుకట్టి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, పొద్దున్నే పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళమన్నారు. ప్రాణం మీదికొస్తే హెలికాప్టర్ అడగొచ్చు, విరిగిన చేతికి పొద్దుటి బోటే దిక్కు.

"రాత్రంతా వాడి చెయ్యి చూడలేదక్కా నేను. కొబ్బరాకులు చూస్తూ కూర్చున్నా, గాలి లేస్తుందేమోనని."

కాన్పులకీ అంతే, రెండుసార్లూ నెల ముందే వెళ్ళి అత్తగారింట్లో కూర్చుంది. ఊళ్ళో బడి ప్లస్ టూ దాకా ఉంది, డిగ్రీ కావాలంటే పోర్ట్ బ్లెయిర్. కూతురు అప్పుడే "నేను హాస్టల్‌కి పోను" అని ఏడుస్తోందట, ఇంకా ఏడేళ్ళుంది. విజయనగరంలో మా పిన్ని మనవల్ని చూసేది వీడియో కాల్‌లో, అందులోనూ సగంసేపు వాళ్ళ మొహాలు నోళ్ళు తెరుచుకుని ఆగిపోయి ఉంటాయి.

"మరి ట్రాన్స్‌ఫర్ పెట్టించుకోవచ్చుగా" అన్నాను. చెల్లి జవాబివ్వకుండా వసారాలోకి చూసింది. నలుగురు పిల్లలు కాస్తా ఏడుగురయ్యారు, వానలో తడుస్తూ వచ్చిన ముగ్గురూ ఎవరి పిల్లలో నాకు తెలియదు. ఆమె లేచి ఇంకో ఏడు గ్లాసులు తీసింది.

రెండో రోజు మధ్యాహ్నం బోటొచ్చింది. ఒడుదుడుకులకి నాకు మూడుసార్లు వాంతి. కొత్త విమానం టికెట్ల సంగతి మా ఆయన ఇప్పటికీ ఎత్తుతుంటాడు.

వైజాగ్ వచ్చిన వారానికి ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. మావాడు తడి ఇసుక మీద నిలబడి, "అమ్మా, ఇప్పుడు ఆటా, పోటా?" అన్నాడు. సముద్రం ఎదురుగానే ఉంది. ఎంతసేపు చూసినా నాకు తెలియలేదు. ముంత మసాలా బండి అతన్ని అడిగాను.

"పోటమ్మా" అన్నాడు, ఉల్లిపాయ తరుగుతూనే. "చెప్పులు కాస్త పైకి పెట్టుకోండి."