పెరటాసి శనివారం, అత్త మోకాలు

తమిళుల పెరటాసి నెలలో శనివారం నాడు తిరుపతిలో అనుకున్న టైముకు ఎక్కడికైనా చేరతామనుకోవడం దండగ. లీలామహల్ సర్కిల్ దగ్గరే ఆటో ఆగిపోయింది. ముందూ వెనకా తమిళనాడు బళ్ళు. పదకొండింటికి అత్తకు ఫిజియోథెరపీ. ఆటోలోంచే ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి, "రండక్కా. కాకపోతే మీ తర్వాతవాళ్ళు వచ్చేశారు, వాళ్ళను ముందు కానిస్తాం. మీరొచ్చాక ఇరవై నిమిషాలు కూర్చోవాల్సొస్తుంది" అంది. వెళ్ళాక నిజంగా అంతే పట్టింది. "ఐదు నిమిషాలే" అని చెప్పి గంట కూర్చోబెట్టే ఆస్పత్రులకు అలవాటుపడిన ప్రాణం కదా, నాకు అదే వింతగా తోచింది.

ఇంతకుముందు ఇంకో చోటికి వెళ్ళేవాళ్ళం. ఏసీ, సోఫాలు, అద్దాల తలుపులు, దేనికీ కొదవ లేదు. సిట్టింగుల డబ్బంతా ముందే కట్టించుకున్నారు. మోకాలికి కరెంటు పెట్టి ఆ కుర్రాడు ఫోన్ పట్టుకుని బయటికి పోయేవాడు. ఒకరోజు చురుక్కుమంటోందని అత్త ఎంత పిలిచినా పలికే దిక్కు లేదు. ఇక్కడా అదే మిషనే. కానీ ఆన్ చేసే ముందు చేతికో బెల్లు ఇస్తారు. "తిమ్మిరిగా ఉంటే పర్లేదమ్మా, గుచ్చినట్టుంటే నొక్కండి" అంటారు. మొదటి రోజు అత్త, మోగుతుందో లేదో చూద్దామని ఊరికే నొక్కింది. ఫిజియో మేడం పరిగెత్తుకుంటూ వచ్చింది. విసుక్కోలేదు కూడా.

చీర మోకాలి పైకి జరపాలంటే అత్తకు సిగ్గు. అడక్కుండానే కర్టెన్ లాగి, ముందు దుప్పటి కప్పి, ఆ తర్వాతే చీర సర్దుతారు. అత్తకు షుగరుంది. షుగరున్నవాళ్ళకు కాళ్ళలో స్పర్శ తగ్గితే వేడి తెలియదు, చర్మం కాలినా తెలియదట. అందుకని హాట్ ప్యాక్ పెట్టకముందే ఒక గాజు గొట్టంలో వేడినీళ్ళు, ఇంకోదాంట్లో చన్నీళ్ళు పోసి, అత్తను కళ్ళు మూసుకోమని, మార్చి మార్చి ఆనించి "ఇది వేడా, చల్లనా?" అని అడిగింది ఆ మేడం. పాత చోట ఇన్నాళ్ళు కాపడం పెట్టారు గానీ షుగరుందా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఇక్కడికి మొదటిసారి వెళ్ళినప్పుడు మేడం నొప్పి సంగతి తర్వాత అడిగింది. "ఏ పని చేయలేకపోతున్నారమ్మా?" అన్నది ముందు. అత్త తడుముకోకుండా "అలిపిరి మెట్లెక్కాలి" అంది. 3550 మెట్లు! నేను నవ్వబోయాను, ఆ మేడం నవ్వలేదు. కాగితం మీద రాసుకుంది. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని చెప్పి, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టడం నేర్పింది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. అత్త ఇప్పుడు మేడ మీద బట్టలారేయడానికి వెళ్తూ ఇది పైకే అనుకుంటూ పోతుంది.

ఇవాళ మళ్ళీ కొలిచారు. కోణమానినికి రెండు చేతులు తగిలించినట్టుండే ప్లాస్టిక్ స్కేలు అది. మొదట్లో 95 డిగ్రీల దగ్గర ఆగిపోయిన మోకాలు 115 దాకా వంగింది. అంకె అత్తకే చూపించి చదవమన్నారు. "మరి కొండకు?" అని అడిగింది అత్త. "ముందు ఇంట్లో మెట్లు అలుపులేకుండా ఎక్కండి, ఆ తర్వాత చూద్దాం. ఎక్కినా దిగేటప్పుడు మాత్రం బస్సే. మోకాలికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ భారం. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కుతానంటే అస్సలు ఒప్పుకోను." అత్త మొహం కాస్త చిన్నబోయింది. మొక్కు అదేనేమో, నాకు చెప్పలేదు.

డబ్బు కట్టబోతుంటే మేడం బయటికొచ్చి, ఇక కరెంటు అక్కర్లేదు, ఇంట్లో వ్యాయామం చేసుకుంటే చాలు, నెల తర్వాత ఒకసారి చూపించుకోండి అంది. వ్యాయామాలన్నీ నా ఫోన్‌లోనే వీడియో తీసిచ్చింది. నాకైతే పెద్ద ఊరట. వచ్చేవారం మళ్ళీ ఆ ట్రాఫిక్‌లో పడే టెన్షన్ లేదు.

ఆటో ఎక్కాక అత్త మాత్రం గొణుగుతూనే ఉంది. "రావద్దంటుందేమే ఆ పిల్ల? మన డబ్బులేమైనా చేదా?"