సెన్సార్ లాగర్ పురోగతి: నిండిన కార్డులోంచి పాడైన డేటాబేస్‌ను బయటికి తీయడం

మొదలుపెట్టినప్పటి స్థితి: సెన్సార్ రీడింగ్‌లు నమోదు చేసే రాస్ప్‌బెరీ పై (చిన్న కంప్యూటర్), 32 జీబీ ఎస్‌డీ కార్డు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు 9 జీబీ ఉంది, ఖాళీ 1 జీబీ కూడా లేదు. లాగర్ "డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్‌డ్" అని ఆగిపోయింది.

డిస్క్ నిండినంత మాత్రాన ఎస్‌క్యూలైట్ పాడవదు. చోటు చాలకపోతే ఎర్రర్ 13 ఇచ్చి ఆ ట్రాన్సాక్షన్‌ను (ఒకే విడతగా జరగాల్సిన మార్పులను) రద్దు చేస్తుంది. ఇక్కడ వచ్చింది 11, అంటే ఫైలు పాడైందని. కరెంటు పోయిన క్షణంలో కార్డు రాయని డేటాను రాశానని చెప్పి ఉండొచ్చు, లేదా చోటు కోసం ఎవరైనా వాల్ ఫైలు (కొత్త మార్పులు ముందుగా చేరే పక్క ఫైలు) తుడిచేసి ఉండొచ్చు. ఆ ఫైలు ఎంత పెరిగినా దాని జోలికి పోవద్దు. చెక్‌పాయింట్ కాని, అంటే ఇంకా మెయిన్ ఫైలులోకి చేరని, కమిట్‌లు (ఖరారైన మార్పులు) ఉండేది అందులోనే. ఇక్కడ అది భద్రంగా ఉంది, కాబట్టి అనుమానం కార్డు మీదే.

కాపీ: సర్వీసు ఆపి, డేటాబేస్‌ను ఒక్కసారి కూడా తెరవకముందే మెయిన్ ఫైలు, వాల్ ఫైలు రెండూ కలిపి పెన్‌డ్రైవ్‌కు. తెరిచి మూస్తే చాలు, చెక్‌పాయింట్ నడిచి వాల్ మాయమవుతుంది. పెన్‌డ్రైవ్ 128 జీబీ: ముట్టుకోని కాపీ 9, పని కాపీ 9, కొత్త ఫైలు 9, వ్యాక్యూమ్‌కు (ఖాళీ పేజీలు తీసేసి ఫైలును మళ్లీ రాయడానికి) మరో 18 దాకా. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, అందుకే ఎక్స్‌టీ4 ఫార్మాట్. కాపీలో రీడ్ ఎర్రర్లు వస్తే మామూలు కాపీ కమాండ్ సీపీ వదిలి, చదవగలిగినంత తీసే డీడీరెస్క్యూ వాడాలి.

పాత రోజుల రీడింగ్‌లు డిలీట్ చేస్తే చోటు వస్తుందనుకోవడం పొరపాటు. పేజీలు ఫైలు లోపలే ఖాళీగా మిగులుతాయి, ఫైలు తగ్గదు. పాడైన ఫైలులో అయితే ఉన్న నష్టం ఇంకా పెరుగుతుంది.

పరీక్ష: పని కాపీ మీద ఇంటెగ్రిటీ చెక్ (ఫైలు లోపలి అమరిక తనిఖీ). ఇండెక్స్‌లో వరుస లేదన్న ఫిర్యాదులు మాత్రమే ఉంటే ఇండెక్స్‌ను మళ్లీ కట్టే రీఇండెక్స్‌తో సరిపోతుంది. ఇక్కడ టేబుల్ పేజీలే దెబ్బతిన్నాయి. డేటా మొత్తాన్ని ఎస్‌క్యూఎల్ కమాండ్‌లుగా రాసే డంప్ వాడితే ఎర్రర్ తగిలాక చివర్లో రోల్‌బ్యాక్ (అంతా వెనక్కి తీసుకో) అని రాస్తుంది, కొత్త ఫైలు ఖాళీగా మిగులుతుంది. అందుకే పాడైన ఫైలులోంచి దొరికినంత తీసే డాట్ రికవర్ కమాండ్, అదీ ఇటీవలి వెర్షన్‌తో. దాని అవుట్‌పుట్‌ను ఫైలుగా దాచకుండా పైప్‌లో నేరుగా రెండో ఎస్‌క్యూలైట్‌కు ఇచ్చాం. టెంప్ ఫైళ్లు కార్డు మీద పడకుండా ఎస్‌క్యూలైట్ టీఎంపీడీఐఆర్ వేరియబుల్‌ను పెన్‌డ్రైవ్‌కు తిప్పాం. "ఇగ్నోర్ ఫ్రీలిస్ట్" ఆప్షన్ (ఖాళీ పేజీల జాబితాలో ఉన్నవాటిని వదిలేయమని) తప్పనిసరి. అది లేకుంటే ఎప్పుడో తుడిచేసిన రీడింగ్‌లు కూడా లేచి వస్తాయి.

కొత్త ఫైలు ఇంటెగ్రిటీ చెక్‌లో ఓకే. ఆటో వ్యాక్యూమ్‌ను ఇంక్రిమెంటల్‌కు మార్చి, పెన్‌డ్రైవ్ మీదే వ్యాక్యూమ్ చేశాం. పాత టేబుళ్లున్న ఫైలులో వ్యాక్యూమ్ చేసేదాకా ఆ మార్పు అమలు కాదు. ఇకపై పాతవి తుడిచాక ఇంక్రిమెంటల్ వ్యాక్యూమ్‌తో చోటు కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది.

పాత కార్డు మళ్లీ వాడం. కొత్త దానిలో జర్నల్ లాగ్‌కు (డేటాబేస్‌ది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ లాగ్) 100 ఎంబీ పరిమితి.

మిగిలింది: ఏ టేబుల్‌వో తేలని వరుసలు లాస్ట్ అండ్ ఫౌండ్ టేబుల్‌లో ఉన్నాయి. ఎన్‌ఫీల్డ్ కాలమ్ (వరుసలో ఎన్ని ఫీల్డులున్నాయో చెప్పేది) విలువను బట్టి విడదీసి, టైమ్‌స్టాంప్ సరిపోయినవాటినే రీడింగ్స్‌లోకి చేర్చాలి.