ఫ్లై ప్రెస్‌ల బర్ వస్తుంటే ముందు డై మీద చెయ్యి వెయ్యకండి

ఫ్లై ప్రెస్ అంటే పైన గుండ్లున్న ఆర్మ్‌ని చేత్తో తిప్పి, షీట్ల నుంచి వాషర్ల లాంటివి కొట్టే మిషన్. పైనుంచి దిగి కోసేది పంచ్, కింద దానికి సరిపడే రంధ్రమున్నది డై, పంచ్‌ని పట్టుకొని కిందికి పైకి పోయే దిమ్మ రామ్. హైదరాబాద్ బాలానగర్‌ల ఉన్నోళ్లకి డై గ్రైండింగ్ చాలా ఈజీ. నాలుగడుగులేస్తే సర్ఫేస్ గ్రైండింగ్ షాపు, 1968 నుంచి సీఐటీడీ (టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ) ఇక్కడే ఉంది కాబట్టి టూలింగ్ తెలిసినోళ్లకి కూడా కొదవ లేదు. అందుకే వాషర్ అంచుకి కొంచెం బర్ (కోసినకాడ మిగిలే గరుకు అంచు) కనబడుడే ఆలస్యం, పంచ్ ఊడదీసి గ్రైండింగ్‌కి పంపిస్తరు. చూస్తుంటే నాకు నిజంగ బాధైతది, ఎందుకంటే గ్రైండింగ్ పెట్టిన ప్రతిసారి పంచ్ పొట్టిగైతది, దాని ఆయుష్షు తగ్గుతది, తీరా చూస్తే చానాసార్లు డై బాగనే ఉంటది, రామ్ లూజుంటది.

లెక్క చూడండి. 1 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షీట్ కొడుతున్నమంటే పంచ్‌కి డైకి నడుమ ఒక్కో పక్క దాదాపు 0.05 నుంచి 0.08 ఎంఎం గ్యాప్ పెడతరు. రామ్‌ని చేత్తో ఊపితే 0.2 కదులుతుంటే ఇంక ఆ గ్యాప్ ఏం పనికొస్తది? పంచ్ ఒక దిక్కు ఒరిగి డై అంచుకి తగుల్తది, అక్కడ ఎడ్జ్ పెచ్చు లేస్తది, ఎదురు దిక్కు గ్యాప్ పెరిగి బర్ వస్తది. కొత్త పంచ్ ఏసినా మళ్ల అదే కథ.

ముందు ఆర్మ్ తిరగకుండ రామ్ కింద ఒక చెక్కదిమ్మ పెట్టాలె, ఇది మాత్రం మర్చిపోవద్దు, ఆ గుండ్ల బరువుకి ఆర్మ్ ఒక్కసారి తిరిగిందంటే తల పగుల్తది. తర్వాత స్క్రూ, గైడ్లు (రామ్ జారే దారులు) కిరసనాయిల్ గుడ్డతోటి పాత గ్రీజంతా పోయేదాక తుడవాలె. పాత గ్రీజుల ఇనుప పొడి కలిసి నల్లటి ముద్దైతది, వేళ్ల మధ్యల రాస్తే సన్నటి ఇసుకలెక్క గరగర తెలుస్తది, దాని మీదనే కొత్త గ్రీజు పూసుకుంట పోతే గైడ్లని మనమే అరగదీస్తున్నట్టు.

ఇప్పుడు బాడీకి మాగ్నెట్ స్టాండ్ పెట్టి డయల్ గేజ్ (సన్న కదలిక కొలిచే మీటర్) రామ్‌కి ఆనించి ముందుకెనక్కి, పక్కలకి నెట్టి ఎంత ప్లే, అంటే వదులు, ఉందో చూడాలె. మా షెడ్డు ఫిట్టరన్న ఒక మాట చెప్తడు, "ప్లే చూసేది పైన కాదు తమ్మీ, పంచ్ కొట్టే ఎత్తుల చూడాలె". కరెక్టే, ఎందుకంటే రోజూ నడిచే ఆ కొంత దూరమే అరుగుతది, పైన టైట్‌గనే ఉంటది. జిబ్ (గైడ్ల వదులు తీసే పట్టీ) బోల్టులని కదలకుండ పట్టే చెక్ నట్లు వదులు చేసి పైబోల్టు, కిందిబోల్టు మార్చి మార్చి కొంచెం కొంచెం తిప్పాలె, 0.05 ఎంఎం ఫిల్లర్ (గ్యాప్ కొలిచే పల్చటి రేకు) కష్టంగ దూరేదాక వస్తే చాలు. చెక్ నట్ టైట్ చేసేటప్పుడు బోల్టు కూడ తిరుగుతది కాబట్టి రెండో స్పానర్‌తోటి పట్టుకోవాలె, అయినాక మళ్లొకసారి డయల్ చూడాలె. ఆర్మ్ తిప్పితే రామ్ పైనుంచి కిందిదాక ఎక్కడ పట్టెయ్యకుండ దిగాలె. కింద సెట్ చేస్తే పైన పట్టేస్తుందంటే గైడ్లు బాగ అరిగినయని అర్థం, బోల్టులు ఎంత బిగించినా లాభం లేదు, స్క్రాపింగ్ (గైడ్ల ముఖాలు సన్నగ గీకి సమం చేసుడు) చేయించుకోవాల్సిందే.

రామ్ సంగతి తేలినాకనే డై. క్లాంపులు సగం బిగించి పంచ్‌ని మెల్లగ డైలకి దించి, అది దాని జాగల కూసున్నాక బిగించాలె. ఆ తర్వాత పల్చటి కాగితం పెట్టి ఒక్కటి కొట్టండి. చుట్టూత నీట్‌గ తెగితే సెట్టింగ్ కుదిరినట్టు, ఒక దిక్కు పీచులు వేలాడుతుంటే గ్యాప్ ఆ దిక్కు ఎక్కువుంది, డైని కొంచెం జరపాలె. రామ్ ఎంత లోతు దిగాలెనో ఆపే స్టాపర్ కాలర్ ఆఖరికి పెట్టాలె, షీట్ తెగి పంచ్ డైలకి కొంచెం దిగితే సాలు, ఇంకా లోతుకి పోతే పంచ్ పక్కలు ఊరికెనే అరుగుతయి. ఇంత చేసినాక కూడ బర్ అట్లనే ఉంటే అప్పుడు పంపండి గ్రైండింగ్‌కి.