పాటిమన్ను

మా తాత వేరుశనగ చేనికి ఏటా పాటిమన్ను, అంటే పాత ఊరు ఉన్నచోటి మన్ను, తోలించేవాడు. ఊరికి తూర్పున ఎత్తుగా ఒక దిబ్బ ఉండేది. దాన్ని గడ్డపారలతో తవ్వి, గంపలతో బండికెత్తి, చేన్లో కుప్పలు పోసేవాళ్లు. బూడిద రంగు మన్ను, చేతిలోకి తీసుకుంటే పిండిలా జారిపోయేది. ఆ కుప్పల్లో చిల్లపెంకులు, ఎముక ముక్కలు దొరికేవి. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు లోపల నల్లగా, బయట ఎర్రగా నున్నగా మెరిసే పెంకు ఒకటి దొరికింది. ఆ వేసవి సెలవులంతా తొక్కుడుబిళ్ల ఆటలో అదే నా బిళ్ల.

ఈ జనవరిలో స్వర్ణముఖి నది ఒడ్డున నిలబడినప్పుడు ఆ పెంకు మళ్లీ గుర్తొచ్చింది.

మా పెదనాన్న కొడుకు ఎస్వీ యూనివర్సిటీలో ఆర్కియాలజీ చదివాడు. "ఏటి గట్టు చూడాలంటే వానలు తగ్గాక చూడాలి పాపా. నవంబర్, డిసెంబర్ నీళ్లు గట్టును కోసి పెడతాయి. కోత కొత్తగా ఉన్నప్పుడే పొరలు తెలుస్తాయి" అని ఎప్పటి నుంచో చెబుతున్నాడు. సంక్రాంతి అయ్యాక వచ్చిన ఆదివారం పొద్దున ఆరున్నరకు తిరుపతిలో బైకెక్కాం. సంచిలో ఒక పెయింట్ బ్రష్, టేపు, స్ప్రే బాటిల్ నిండా నీళ్లు, నోట్‌బుక్. గడ్డపార, పార లాంటివి ఏవీ పెట్టుకోలేదు. పర్మిషన్ లేకుండా తవ్వడం నేరం. దానికంటే ముందు, తెలియకుండా తవ్వితే పొర పోతుంది, పోయిన పొరను ఎవరూ తిరిగి పేర్చలేరు. ఆ రోజు అన్న ఈ మాట కనీసం నాలుగుసార్లు చెప్పాడు.

రేణిగుంటలో పొంగలి తిన్నాం. టీ తాగుతుండగా అక్కడి రాళ్లకాలువ అనే వాగు సంగతి చెప్పాడు. ఎన్నిసార్లు రేణిగుంట స్టేషన్లో రైలెక్కానో లెక్కలేదు, ఈ పేరు ఎప్పుడూ పట్టించుకోలేదు. 1960లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు చిత్తూరు జిల్లా రాతియుగం మీద పరిశోధన చేస్తూ ఈ వాగు పరిసరాల్లో తిరిగారు. పొడుగ్గా, సన్నగా, బ్లేడులా చీల్చిన రాతి పనిముట్లు ఆయనకు ఇక్కడే దొరికాయి. పాత రాతియుగం చివరి దశ మనుషుల పనితనం అది. సత్యవేడు దాటి తమిళనాడులో అడుగుపెడితే అత్తిరంపాక్కం వస్తుంది. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లోనే అక్కడ రాతి గొడ్డళ్లు గుర్తించాడు. పురావస్తు పరిశోధకులు శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ తర్వాత ఏళ్ల తరబడి తవ్వి, కింది పొరల్లోని పనిముట్ల వయసు దాదాపు 15 లక్షల ఏళ్లని తేల్చారు. మనం రోజూ హారన్ కొట్టుకుంటూ పోయే దారికి అంత దగ్గర్లో!

"పనిముట్టు దొరికితే ముందు అంచు చూడాలి" అన్నాడు అన్న, గ్లాసు కింద పెడుతూ. నీళ్లలో దొర్లి దొర్లి వచ్చిన రాయికి అంచులు అరిగిపోతాయి, గులకరాయిలా నున్నబడుతుంది. అంచు ఇంకా పదునుగా ఉంటే అది ఎక్కువ దూరం కదల్లేదు, దాన్ని చేసినవాడు ఆ దరిదాపుల్లోనే కూర్చుని చేశాడు.

ఏర్పేడు వైపు కొంత దూరం పోయి, మెయిన్ రోడ్డు వదిలి ఏటి దారి పట్టాం. ఇసకలో బైకు చక్రం దిగబడితే ఇద్దరం దిగి తోసుకుంటూ పోయాం. ఏట్లో నీళ్లు సన్నగా ఒక పాయలో పారుతున్నాయి, మిగతాదంతా ఇసక. ఎడమ గట్టు నిలువునా గోడలా కోసుకుపోయి ఉంది, నా కన్నా ఒక మూరెడు ఎత్తు. అన్న బ్రష్‌తో పైపై దుమ్ము దులిపి, నీళ్లు చిమ్మాడు. అప్పటిదాకా ఒకే మట్టిరంగులో ఉన్న గోడ చారలు చారలుగా విడిపోయింది. తడి ఆరేలోపు చూడాలి, నిమిషం దాటితే మళ్లీ అంతా ఒకటే రంగు.

పైన అడుగు మందాన దున్నిన మన్ను, గడ్డివేళ్లు. దాని కింద మూరెడు ఒండ్రు. దగ్గరగా చూస్తే ఒండ్రులో కాగితాలు పేర్చినట్టు పలచని రేకలు. నీళ్లు నింపాదిగా నిలిచి, మెత్తటి మన్ను మెల్లగా అడుగున పేరుకుంటేనే అలా వస్తుంది. రేకల కింద బెత్తెడు మందం ముతక ఇసక, మధ్యలో గులకరాళ్లు. అది ఉరవడితో వచ్చిన ఏరు, ఒకే వరద మోసి పోసింది. ఇసక అడుగున గీత కత్తితో కోసినట్టు ఉంది. అంతకు ముందున్న మన్ను కొంత ఆ వరదలో కొట్టుకుపోయిందని దాని అర్థం. ఎంత పోయిందో, ఎన్నేళ్ల లెక్క పోయిందో గోడలో కనబడదు, గీత మాత్రం మిగిలింది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి ఇలాంటిదే ఒక గీత చూస్తాం. కింద గ్రానైటు, పైన ఇసకరాయి గట్టిపడి మారిన క్వార్ట్‌జైటు, ఆ రెంటి నడుమ కోట్ల ఏళ్ల ఖాళీ. ఇక్కడ గట్టులో ఉన్నది దాని ముందు నిన్నటి సంగతి, అయినా చదివే పద్ధతి ఒకటే.

ఇసక కింద జానెడు మందాన నల్లటి బూడిద పొర. అది చూడగానే నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. మా తాత చేన్లో కుప్పలు పోసిన మన్ను ఇదే రంగు, ఇదే మెత్తదనం. అందులో బొగ్గు నలుసులు, కాలిన మట్టిపెళ్లలు, పెంకులు. పెంకులన్నీ దాదాపు పడుకోబెట్టినట్టు అడ్డంగా ఉన్నాయి. "మనుషులు తొక్కి తిరిగిన నేల మీద పెంకులు ఇలా పడుకుంటాయి. నీళ్లు తెచ్చి పడేసి ఉంటే వాలుగా, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉండేవి" అన్నాడు అన్న. ఆ పొర కింద గట్టి పసుపు నేల, అందులో తెల్లటి సున్నపు గుండ్లు. అందులో పెంకు లేదు, బొగ్గు లేదు. మనుషులు రాకముందటి నేల అది.

ఒకచోట బూడిద పొర నుంచి పసుపు నేలలోకి పిడికిలి వెడల్పున నల్లటి పోగు నిలువుగా దిగింది, అడుగు సన్నబడి ఉంది. గుంజ పాతిన గుంత! కొయ్య కుళ్లిపోయి, ఆ ఖాళీలోకి పైనుంచి బూడిద మన్ను దిగింది. కొయ్య లేకపోయినా దాని ఆకారం మిగిలింది. ఎవరో ఒకరు ఇక్కడ గుంజ నాటి, కప్పు వేసుకుని, పొయ్యి వెలిగించారు. నేను చాలాసేపు అక్కడ్నుంచి కదల్లేదు.

కాస్త అవతల అలాంటిదే ఇంకో పోగు చూపించి "ఇదీ గుంజేనా?" అన్నాను. అన్న నీళ్లు చిమ్మి, లోపల్నుంచి వేళ్లాడుతున్న వేరుశనగ పొట్టు చూపించాడు. వేరుశనగ మన దేశానికి వచ్చింది దక్షిణ అమెరికా నుంచి, అదీ గత కొన్ని వందల ఏళ్లలో. కాబట్టి ఇది ఎలుక బొక్క. చెదలు, చెట్లవేళ్లు, ఎలుకలు ఇలా కొత్తదాన్ని పాత పొరలోకి దించేస్తాయి. పాతర కూడా అంతే. పైపొరలో ఉన్నవాళ్లు ధాన్యం దాచుకోవడానికి కిందికి తవ్వుతారు. ఆ గుంతలో దొరికింది లోతులో ఉంది కదాని పాతదైపోదు, గుంత ఏ పొర నుంచి మొదలైందో చూసి లెక్కకట్టాలి.

మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చి ఆగాడు. "ఏం సామీ, ఏం ఎతకతా ఉండారు? నిధా?" అన్నాడు.

"నిధి కాదు పెద్దాయనా, పాత ఊరు" అన్నాడు అన్న.

"ఓ, పాటిదిబ్బా! ఈ గట్టు ఇరవై ఒకటిలో ఏరొచ్చినప్పుడు కోసకపాయ. అంతకు ముందు ఈ మన్ను మా చేన్లకు తోలుకుంటా ఉంటిమి. ఒక బండి ఏస్తే మూడేండ్లు ఎరువు అక్కర్లా."

2021 నవంబర్ వరద తిరుపతిలో మేమూ చూశాం. కాలనీల్లో నడుముల్లోతు నీళ్లు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని రాత్రంతా టెన్షన్. అదే నీళ్లు ఇక్కడ ఈ పొరను బయటపెట్టాయి, ఇంకెంతో మోసుకుపోయి ఉంటాయి కూడా.

పెద్దాయన చెప్పిన ఎరువు మాటలో పెద్ద శాస్త్రమే ఉంది. మనుషులు, పశువులు ఏళ్ల తరబడి ఉన్నచోట పేడ, ఎముకలు, బూడిద నేలలో కలుస్తాయి. వాటిలోని భాస్వరం మట్టిని పట్టుకుని వేల ఏళ్లు అలాగే ఉండిపోతుంది. పైకి గోడ, పెంకు ఏమీ కనబడనిచోట కూడా మట్టిలో ఆ భాస్వరాన్ని (ఫాస్ఫేట్) కొలిచి, ఇక్కడ జనం ఉండేవాళ్లని పురావస్తు వాళ్లు చెప్పగలరు. మన రైతులు ఆ సంగతి పంటను చూసి కనిపెట్టారు, దానికి పాటిమన్ను అని పేరూ పెట్టుకున్నారు. ఆ పేరు వల్లే ఎన్నో దిబ్బలు బండ్లకెక్కి పోయాయి. మా తాతనూ ఈ పెద్దాయననూ నేను తప్పు పట్టలేను. ఆ మన్ను పంట పండించింది, నేను ఆ పంట తిన్నదాన్నే.

ఈ పొర వయసు ఎంతని అడిగితే అన్న అంకె చెప్పలేదు. బొగ్గు నలుసులో మిగిలిన కార్బన్-14 కొలవాలి, అది ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఇసక రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో కూడా ల్యాబులో లెక్కకడతారు. అందుకే శాంపిల్ తీసేటప్పుడు గట్టులోకి పైపు దిగ్గొట్టి, వెలుతురు తగలకుండా నల్లగుడ్డ కప్పి మూసేస్తారు. మేం టేపు పెట్టి పొరల మందం కొలిచి, బొమ్మ గీసుకుని, ఫొటోలు తీసుకున్నాం. అంతే.

మధ్యాహ్నానికి గుడిమల్లం చేరాం. పరశురామేశ్వరుడి గర్భగుడి ముందు మండపం కన్నా పల్లంలో ఉంటుంది, స్వామి ఆ పల్లంలో నిలబడి ఉంటాడు. ఎప్పుడు పోయినా దర్శనం చేసుకుని వచ్చేసేదాన్ని, ఈసారి నేల వైపే చూస్తూ ఉండిపోయాను. 1973-74లో ఐ.కె. శర్మ గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వినప్పుడు, ఇప్పటి రాతిగుడి కన్నా పాతదైన గజపృష్ఠాకారపు, అంటే ఏనుగు వీపులా ఒక కొస గుండ్రంగా ఉండే, ఇటుక కట్టడం ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇటుకలు దాదాపు 42 సెంటీమీటర్ల పొడవు. వాటితో పాటు నలుపు-ఎరుపు పాత్రల పెంకులు. లోపల నలుపు, బయట ఎరుపు. నా తొక్కుడుబిళ్ల!

తిరిగొచ్చేటప్పుడు పాపానాయుడుపేటలో ఆగాం. గాజు కరిగించి సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే పాత పద్ధతికి పేరున్న ఊరు ఇది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు లాంటి ప్రాచీన స్థలాల్లో దొరికిన చిన్న పూసలు ఇలా లాగిన గాజువే. ఆవగింజంత పూస తవ్వేవాడి కంటికి ఆనదు, తవ్విన మన్నంతా జల్లెడ పడితేనే చిక్కుతుంది. మా తాత బండ్లలో పోయిన మన్నును ఎవరూ జల్లించలేదు.

రాత్రి ఇంటికి వచ్చి అమ్మకు ఫోన్ చేసి దిబ్బ సంగతి అడిగాను. ఎప్పుడో చదును చేసి మామిడితోట పెట్టారంట. తూర్పు మూల వేపచెట్టు ఉండబట్టి అక్కడ మాత్రం ఎవరూ తవ్వలేదంట, చెట్టు చుట్టూ నడుమెత్తు మన్ను అలాగే ఉందంట. వచ్చే ఆదివారం అన్నతో అక్కడికి పోతున్నాను. బ్రష్, టేపు, స్ప్రే బాటిల్ సంచిలోంచి తీయలేదు.