అక్క వాయిదాకు ముందు నోటుపుస్తకం

బావ కొట్టకుండా, బెదిరించకుండా కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు కోసం పిటిషన్ వేద్దామని అక్కతో కలిసి వెళ్లినప్పుడు లాయరు గారు ముందుగా ఏం జరిగిందో చెప్పమన్నారు. "ఎప్పుడూ కొడుతూనే ఉండేవాడండీ, నరకం చూపించాడు" అంది అక్క. లాయరు గారు పెన్ను పక్కన పెట్టి, "నేను నమ్ముతానమ్మా, కానీ మేజిస్ట్రేటు ముందు నరకం అన్న మాటకు తేదీ ఉండాలి" అన్నారు.

ఆ రాత్రి నుంచి మేమిద్దరం ఒక నోటుపుస్తకం ముందు వేసుకుని కూర్చున్నాం. తేదీలు గుర్తుకు రావని అక్క మొదట ఏడ్చింది గానీ, పాప పరీక్ష ముందు రాత్రి, ఆసుపత్రి చీటీ మీది తేదీ, నాన్నకు ఫోన్ చేసిన సమయం, వీటిని పట్టుకుని వెనక్కి వెళ్తే పదకొండు సంఘటనలు తేలాయి. ఎక్కడ, ఎవరి ఎదుట, ఏ చేతికి దెబ్బ తగిలింది, ఆ తర్వాత ఎవరికి చెప్పింది అన్నవి మాత్రమే రాశాం.

2005 నాటి గృహహింస చట్టం ప్రకారం 12వ సెక్షన్ కింద వేసే ఒకే పిటిషన్‌లో రక్షణతో పాటు ఆ ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పిల్లల సంరక్షణ కూడా అడగవచ్చు. తొలి వాయిదా మామూలుగా 3 రోజుల్లో వేయాలని, అక్కడి నుంచి 60 రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. వాయిదాలు సాగే తీరు తెలిసిన లాయరు గారు మాత్రం 23వ సెక్షన్ కింద, కేసు తేలేలోగా ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు కూడా కోరుతూ అఫిడవిట్ జతచేశారు. సొంతంగా లాయరును పెట్టుకోకపోతే న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచితంగా న్యాయసహాయం అందుతుంది.

బెదిరింపు మెసేజీలు ఉన్న పాత ఫోను అమ్మేయాలని అక్క అనుకుంటున్న వారమే అది, అదృష్టం. ప్రింటు తీసి ఇస్తే సరిపోదని, 2024 జులై నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం అవి ఏ ఫోనులోంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం జతచేయాలని, అసలు ఫోను భద్రంగా ఉంచాలని అప్పుడే తెలిసింది.

అన్నిటికంటే కష్టమైనది క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి లాయరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం. జవాబులు బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. బట్టీ పట్టిన సాక్ష్యం రెండో ప్రశ్నకే తడబడుతుంది. అందుకని ప్రశ్నను చివరిదాకా వినడం ఒక్కటే సాధన చేయించాను. "మీరూ ఆయన్ను తిట్టేవారు కదా?" అని నేను అడిగితే అక్క మొదటిసారి పెళ్లినాటి నుంచి మొదలుపెట్టింది. నాలుగోసారికి, "తిట్టానండి, రాత్రి పాపతో సహా బయటకు నెట్టి గడియ పెట్టినప్పుడు" అని ఆగిపోయింది. "గుర్తు లేదు" అనడానికి మాత్రం ఆమెకు మరో రెండు రోజులు పట్టింది, అబద్ధమాడినట్టు అనిపిస్తుందట.

అందరి ముందూ చెప్పడం కష్టమైతే విచారణను రహస్యంగా జరపమని 16వ సెక్షన్ కింద కోరవచ్చు. అక్క కోరింది.

మధ్యంతర ఉత్తర్వు వచ్చిన రోజు నకలు ఉచితంగానే ఇచ్చారు. దాన్ని ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు గానీ, 20,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అక్క నాలుగు జిరాక్సులు తీయించి, ఒకటి పాప బడిలో ఇచ్చి, ఒకటి చేతిసంచిలో పెట్టుకుని, మిగిలినవి నోటుపుస్తకంలో దాచింది. పన్నెండో సంఘటన కోసం వదిలిన పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.